బావ రేడియోలో కండెన్సర్లు మార్చిన సంగతి

మా బావకు చూపు పూర్తిగా పోయాక ఆయన్ని అన్నిటికంటే ఎక్కువ సతాయించింది సెల్‌ఫోను. నీటికాసులని డాక్టర్లు చెప్పేనాటికే ఒక కన్ను పోయింది. రెండోది కొన్నాళ్లు నీడలు చూపించి అదీ ఆరిపోయింది. రాష్ట్రం సరిహద్దులో, శబరి ఒడ్డునున్న కొంటాలో నలభై ఏళ్లు దుకాణం నడిపిన మనిషి. చింతపండు, ఇప్పపువ్వు కొనేవాడు, ఉప్పు, ఎండుచేపలు అమ్మేవాడు. వచ్చినవాడిది గొల్లపల్లో కిష్టారమో మెట్లు ఎక్కకముందే పోల్చుకుని, దోర్లీలోనో గోండీలోనో వాడి మాటలోనే పలకరించేవాడు. అలాంటివాడి చేతికి చివరికి ఒక నున్నటి గాజు పలక వచ్చింది.

"వేలు పెడితే ఏదో ఒకటి మొదలైతది బామ్మర్దీ," అన్నాడు ఒకరోజు. "భజన పెడదామని నొక్కితే సుక్మాల ధాన్యం సేఠ్‌కు పోయింది ఫోను. ఇంత పొద్దున ఏం కొంప మునిగిందో అని ఆయన పరేషాన్."

"మరి ఏం చెప్పినవ్ బావా?"

"ఏం జెప్తా? బాగున్నరా అన్న. బాగున్న అన్నడు. ఇద్దరం పెట్టేసినం."

చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ ఆ వారంలోనే మా అక్క నన్ను వాకిట్లోకి పిలిచి చెప్పిన మాట వేరు.

"తమ్మీ, ఆయన నన్ను ఏమీ అడుగుతలేడు."

నాకు వెంటనే అర్థం కాలేదు. చూపు పోయిన కొత్తలో ఆయన అడగని సంగతి లేదు. టైమెంత, కరెంటు ఉన్నదా, వాకిట్ల ఎవరొచ్చిన్రు, ఈ ఫోన్ మోగుతలేదేంది. అక్క పొయ్యి దగ్గర నుంచి, పెరట్లో నుంచి బదులు చెబుతూనే ఉండేది. ఆమె విసుక్కున్నది లేదు. అయినా అడిగి అడిగి ఆయనకే సిగ్గేసినట్టుంది. మెల్లగా మానేశాడు. పొద్దున ముఖం కడుక్కుని వసారాలో కుర్చీలో కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి పిలిచేదాకా అట్లాగే ఉంటున్నాడట.

"మంచినీళ్లు కూడ అడుగుతలేడు," అంది అక్క. "నేనే గ్లాసు చేతిల పెడుతున్న. ఎవ్వరినీ అడగకుండ చేసుకునేది ఒక్కటన్న ఉండాలె ఆయనకు. నీకేమన్న తోస్తే చూడు."

నాకు తోచింది గోదాం అటక మీదున్న రేడియో. దుకాణం జోరుగా నడిచిన రోజుల్లో గల్లాపెట్టె పక్కన ఉండేది. టేకు పెట్టె, ముందు గుడ్డ, కింద నిమ్మకాయలంత గుబ్బలు మూడు. లోపల ఎర్రగా వెలిగే గాజుబుడ్ల, అంటే వాల్వుల రేడియో. సంతరోజు దాని చుట్టూ జనం కూర్చునేవాళ్లు. కొత్తది చిన్న రేడియో కొనివ్వచ్చు కదా అని మీరు అడగవచ్చు. కొన్నాం. దాని మీద బియ్యపు గింజలంత బటన్లు పన్నెండు, అన్నీ ఒకే తీరు. బావ దాన్ని రెండు రోజులు తడిమి, "అగ్గిపెట్టెతోని ఆడుకునే వయసు కాదు నాది," అని పక్కన పెట్టాడు. పాత రేడియో గుబ్బలు మాత్రం ఆయన చేతికి తెలుసు.

నా గురించి రెండు మాటలు చెప్పాలి. నా కొలువంతా శబరి నది నీటిమట్టం రాయడంలో గడిచింది. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఒడ్డుకు వెళ్లి, నీళ్లలో నిలబెట్టిన కొలబద్ద మీద అంకె చూసి, పుస్తకంలో రాసి, పైకి పంపాలి. వరద రోజుల్లో గంటగంటకూ చూసి వైర్‌లెస్ మీద చెప్పాలి. ఆ సెట్టు పాడైతే బాగుచేసేవాడు జగదల్‌పూర్ నుంచి రావాలి, అతను వచ్చేలోపు నది వచ్చేది. అందుకని ఆ పని నేనే నేర్చుకున్నాను. రిటైరయ్యాక నదికి నాతో పని లేకపోయినా రాసే అలవాటు పోలేదు. పాత రేడియోలు బాగుచేస్తూ, చేసిన ప్రతి పనీ డైరీలో రాస్తూ ఉన్నాను.

పాత రేడియోలో అందరూ వాల్వులకే భయపడతారు గానీ ముందుగా ముసలివయ్యేవి కండెన్సర్లు. చుట్టిన కాగితం, మధ్యన సన్నని రేకు, పైన మైనం పూత. చుట్టకాల్చేవాళ్ల చుట్టంత ఉంటాయి. ఒక వైపు కరెంటు రెండో వైపుకు కారకుండా ఆపడం వాటి పని. మా దగ్గర నాలుగు నెలలు కురిసే వానలకు గోడలే చెమరుస్తాయి, ఇక ఆ కాగితం ఎంత? చెమ్మ పీలుస్తుంది, ఆపవలసిన కరెంటును వదిలేస్తుంది. ఇవి కాక పెద్ద అల్యూమినియం డబ్బా ఒకటి ఉంటుంది. గోడ నుంచి వచ్చే కరెంటులోని అదురును అది మింగేయాలి. లోపల రసం ఎండిపోతే మింగలేదు. అప్పుడు ఆ అదురు స్పీకర్లో రొదగా బయటికి వస్తుంది.

రేడియోను మా ఇంటికి తెచ్చి, దుమ్ము దులిపి, ముందు బొమ్మ గీసుకున్నాను. ఏ కండెన్సర్ ఎక్కడ, దాని మీద ఏం రాసి ఉంది, ఏ తీగ ఎటు పోతోంది. పన్నెండు ఉన్నాయి. తిన్నగా గోడ ప్లగ్గులో పెట్టకూడదు, మధ్యలో ఒక బల్బు కలిపి పెట్టాలి. లోపల ఎక్కడన్నా తీగలు కలిసిపోతే బల్బు భగ్గున వెలుగుతుంది, రేడియో కాలిపోదు. బల్బు మొదట వెలిగి తర్వాత మందగించింది. అర నిమిషానికి స్పీకర్లోంచి బోరు మోటారు తిరిగినట్టు ఒకటే రొద. ఆ రొద వెనక ఎక్కడో, గోడ అవతల మాట్లాడినట్టు, జగదల్‌పూర్ స్టేషన్. ప్రాణం ఉందని తెలిసి వెంటనే ఆపేశాను.

ఒకటి మార్చడం, పెట్టి చూడడం, డైరీలో రాయడం, ఆ తర్వాతే రెండోది. ఇది నా పద్ధతి. అన్నీ ఒకేసారి మార్చి ఏదో ఒకటి తప్పు పెడితే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు. ఇంకో పద్ధతి కూడా ఉంది, దానికి మా అక్క నవ్వింది. పాత కండెన్సర్‌ను పారేయను. కొద్దిగా వేడి చేసి, లోపలి కాగితపు చుట్ట లాగేసి, ఆ ఖాళీ గొట్టంలో కొత్త కండెన్సర్ దూర్చి, రెండు కొసలూ సంతలో కొన్న తేనెమైనంతో మూస్తాను. చూడటానికి పాతదే, లోపల మాత్రం కొత్తది.

"ఆయనకా కనబడదు," అంది అక్క, బావను తోడుకొని మా ఇంటికి వచ్చినరోజు, నేను మైనం కరిగిస్తుంటే. "ఇంత సింగారం ఎవరికోసమురా?"

పక్కనే కూర్చున్న బావ అందుకున్నాడు. "నాకోసం కాదు. మీ తమ్ముడు రేడియోకు పెండ్లి చేస్తున్నడు. చెయ్యనీ."

పన్నెండింట్లో పదకొండు మార్చాను. పన్నెండోది గోడ కరెంటు తీగకూ, రేడియో భాగాలన్నీ బిగించి ఉండే ఇనప పళ్లేనికీ మధ్యన ఉండేది. పింగాణీ గొట్టంలో ఉంది, పగులు లేదు. మీటరు పెట్టి చూస్తే ఉండాల్సిన అంకె చూపించింది. పాతది ఒకటైనా మిగలనీ అని ముచ్చటపడ్డాను. డైరీలో రాసుకున్నాను: "పన్నెండవది బాగున్నది. మార్చలేదు." పెద్ద డబ్బాకు మాత్రం పాతదానికి సమానమైనది వేశాను. రొద మొత్తం పోయింది. స్టేషన్ లేని చోట ముల్లు పెట్టి, స్పీకర్ గుడ్డకు చెవి ఆనిస్తే, రేడియో నడుస్తోందో లేదో తెలియనంత నిశ్శబ్దం. పనివాడికి అంతకంటే ఏం కావాలి?

బావ ఇంట్లో వసారాలో, కుర్చీకి కుడిచేతి వైపు బల్ల మీద పెట్టాను. వాల్వులు వేడెక్కుతాయి, వారం పది రోజులు చూసి వెనక అట్ట బిగిద్దామని తెరిచే ఉంచాను. బావ గుబ్బ పట్టుకున్నాడు. ఎడమ చివరిదాకా తిప్పాడు. అక్కడి నుంచి కుడికి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.

"రెండున్నర చుట్లు. ఇదిగో జగదల్‌పూర్."

హల్బీ భాషలో పాట వచ్చింది. పొద్దుగూకాక సరిహద్దు అవతలి తెలుగు స్టేషన్లు కూడా లీలగా అందుతున్నాయి. కొన్ని మూతపడ్డాయి, ఉన్నవాటికి ఎన్ని చుట్లో బావ రెండు రోజుల్లో పట్టుకున్నాడు. నాకు అప్పజెప్పాడు, నేను రాసుకున్నాను. ఆ పది రోజులూ మా అక్క ముఖం చూడాలి. హిందీ వార్తల్లో విన్నది ఆయన ఆమెకు చెప్పేవాడు, ఆమె తెలియనట్టు "అవునా?" అనేది. మంచినీళ్లు అడగడం మళ్లీ మొదలుపెట్టాడు. "చాయ్‌ల చక్కెర వేసినవా, వేసినట్టు యాక్టింగు చేసినవా?" అని కూడా అడిగాడట.

పదకొండో రోజు పొద్దున అక్క ఫోను.

"వచ్చి నీ పెట్టె తీస్కపో."

వెళ్లేసరికి బావ కుర్చీలో రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని కూర్చున్నాడు. రేడియో ప్లగ్గు తీసేసి ఉంది. ఆయన చెయ్యి రేడియో వెనక తగిలి, వేళ్ల నుంచి మోచేతి దాకా జిల్లుమందట. చెయ్యి విదిలిస్తే బల్ల మీది గ్లాసు పడి పగిలింది.

"కండ్లు ఎట్లనూ లేవు," అంది అక్క. "చేతులన్న ఉండనియ్యి తమ్మీ."

"నాకేం కాలె," అన్నాడు బావ. "జరంత గుంజింది. ఏదన్న తీగ ఊడిందేమో చూడు, చూసి మళ్ల పెట్టు."

మాట అట్లా అన్నాడు గానీ చేతులు చంకల్లోంచి తియ్యలేదు. ఆయన మళ్లీ ఆ గుబ్బ పట్టుకుంటాడా లేదా అన్నది ఆ రోజే తేలిపోతుందని నాకు తెలుసు. రేడియో మా ఇంటికి తీసుకుపోతే అక్క మళ్లీ రానివ్వదు. అక్కడే వసారాలో నేల మీద గోనె పరిచి విప్పాను.

డైరీ తీశాను. తప్పు ఎక్కడో నా రాతలోనే ఉంది. "బాగున్నది. మార్చలేదు." మీటరులో ఉండేది చిన్న బ్యాటరీ. దానికి చెమ్మ పట్టిన కండెన్సర్ కూడా బుద్ధిమంతుడిలాగే కనిపిస్తుంది. గోడ కరెంటు తగిలితేనే దాని అసలు గుణం బయటపడుతుంది. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. ఆ రేడియోది రెండు పిన్నుల ప్లగ్గు, ఎటు తిప్పి పెట్టినా దూరుతుంది. మా ఇంట్లో నేను పెట్టిన వైపు ఆ కండెన్సర్‌కు కరెంటు లేని తీగ వచ్చింది, ఇనప పళ్లెం ముట్టుకుంటే ఏమీ అనలేదు. ఇక్కడ ఆ పొద్దున అక్క ఊడ్చేటప్పుడు ప్లగ్గు తీసి తిరగేసి పెట్టింది. కరెంటు ఉన్న తీగ అటు వచ్చింది. ప్లగ్గు రెండు వైపులా తిప్పి చూడాలని నది పుస్తకమంత జాగ్రత్తగా డైరీ రాసేవాడికి తోచలేదు. అక్కతో ఆ మాటే చెప్పాను, తప్పు నీది కాదు, నాది అని.

"నీదని నాకు ముందే ఎరుక," అంది.

ఆ పింగాణీ కండెన్సర్‌ను కత్తిరించి తీసేశాను. దాని చోట వేయవలసిన రకం వేరు, పాడైతే తెగిపోతుందే తప్ప కరెంటును వదలదు. జగదల్‌పూర్‌లో సామాన్ల దుకాణంలో చెప్పి తెప్పించేసరికి మూడు రోజులు పట్టింది. దాన్ని పాత గొట్టంలో దాచలేదు, కొత్తది కొత్తగానే కనిపించేటట్టు పెట్టాను. రెండు పిన్నుల ప్లగ్గు తీసేసి ఎర్త్‌తో మూడు పిన్నులది వేశాను. బల్బు పెట్టి, మీటరు పెట్టి చూసి, ఆఖరున నా చెయ్యి ఇనప పళ్లెం మీద ఆనించి పది నిమిషాలు కూర్చున్నాను. అక్క ఎదురుగా నిలబడి నా ముఖమే చూసింది. అప్పుడు వెనక అట్ట తీసుకుని బిగించబోతుంటే బావ అన్నాడు:

"అట్ట పెడుతున్నవా?"

"పెట్టాలి కద బావా. నీ చెయ్యి మళ్లీ పోతే?"

అక్క చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. బావ ఆమె అడుగుల చప్పుడు పోయేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"చెయ్యి ఊరికె పోలేదు బామ్మర్దీ. నేనే పెడుతున్న రోజూ."

"ఎందుకు?"

"గుబ్బ తిప్పుత. టక్ అంటది. ఆ తర్వాత ఏంది? ఏం చప్పుడు లేదు. కరెంటు లేదా? స్టేషన్ బంద్ అయిందా? పెట్టె పాడైందా? నీకైతే లైటు కనబడతది. నాకేం కనబడతది? చలికాలం, ఫ్యాన్ గూడ తిరగదు. అందుకని ఎనక చెయ్యి పెట్టి వెచ్చగుంటే కరెంటు ఉన్నదనుకుంట."

"అక్కను అడిగితే అయిపోయేది కదా," అన్నాను. అనగానే నాకే సిగ్గేసింది. అడగకుండా ఉండడం కోసమే కదా ఈ రేడియో.

రొద మొత్తం తీసేసి ఎంత మురిసిపోయానో గుర్తొచ్చింది. చూపున్నవాడి కోసం బాగుచేశాను ఆ రేడియోను. ముందర పచ్చని దీపం వెలుగుతుంది, అది చాలనుకున్నాను.

"చిన్న గంట పెట్టనా బావా? కరెంటు రాగానే ఒకసారి మోగేటట్టు."

"గంట ఎందుకు? నేనేమన్న ఆవునా, తప్పిపోతనని కడుతున్నవా?"

అప్పుడు చేసిన పని ఇన్నేళ్లలో ఏ రేడియోకూ చేయలేదు. పెద్ద డబ్బా స్థానంలో వేసిన కొత్త కండెన్సర్‌ను ఊడదీశాను. అక్కడ ముప్పైరెండు అంకె గలది ఉండాలి, అంకె తగ్గేకొద్దీ అది మింగే అదురూ తగ్గుతుంది. ఇరవై రెండుది వేసి చూశాను. నాకు వినిపించలేదు, బావకూ వినిపించలేదు. నాలుగుది వేస్తే లోపలి నుంచి అక్క అరిచింది, "ఇదేంది, పిండిగిర్ని పెట్టినవా?" అని. ఆఖరికి పదిది వేశాను. గుబ్బ తిప్పిన పావు నిమిషానికి సన్నగా, మూసిన నోటితో ఎవరో రాగం తీస్తున్నట్టు, ఒక చప్పుడు మొదలైంది. స్టేషన్ పెడితే మాటల కింద అణిగిపోయింది. స్టేషన్ తీస్తే మళ్లీ తేలింది.

బావ తల పక్కకు వంచి విన్నాడు. "ఇది జాలు," అన్నాడు. "ఇదుండనీ."

చాయ్ గ్లాసులతో వచ్చిన అక్క కాసేపు విని, "ఇన్ని రోజులు తిప్పలు పడి బాగుచేసినోడివి, మళ్ల చెడగొడుతున్నవేంది?" అంది. బావ ముఖం వైపు చూశాను. చెప్పమన్నట్టు గానీ వద్దన్నట్టు గానీ లేదు. "కొంచెం చెడితేనే బాగుంటది అక్కా," అన్నాను. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇంకేమీ అడగకుండా గ్లాసులు అందించింది.

వెనక అట్ట బిగించే ముందు ఒక పని మిగిలింది. ఏ రేడియో బాగుచేసినా పెట్టె లోపలి గోడకు ఒక చీటీ అంటిస్తాను. ఏం మార్చాను, ఎక్కడ మార్చాను. నా తర్వాత విప్పేవాడికి అది దారి. కానీ దీన్ని విప్పేవాడు పదిది చూసి ఏమనుకుంటాడు? పనిరానివాడెవడో వేశాడనుకుని ముప్పైరెండుది వేస్తాడు. చప్పుడు పోతుంది. అందుకని తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి రాశాను. రాస్తూ పైకి చదివాను:

"పెద్ద కండెన్సర్ కావాలనే తక్కువది వేయడమైనది. పాపం, మా బావగారికి చూపు లేదు. ఈ చప్పుడు ఆయనకు అవసరం. మార్చవద్దు."

"ఏందీ?" అన్నాడు బావ. "మళ్ల చదువు."

చదివాను.

"పాపం తియ్యి."

కొట్టేశాను.

"చూపు లేదని ఎందుకు? రేడియో విప్పెటోడికి నా కండ్ల సంగతి ఎందుకు? అది గూడ తియ్యి."

అదీ కొట్టేశాను. "మరి ఎందుకు మార్చొద్దో చెప్పాలి కద బావా? కారణం లేకుండ రాస్తే వినడు."

ఆయన ఆలోచించాడు. దుకాణంలో సరుకు తూకం మీద పేచీ వచ్చినప్పుడు ఇట్లాగే గడ్డం మీద వేలు పెట్టుకునేవాడు.

"యజమాని ఇట్లనే కావాలన్నడు అని రాయి. మనం గిరాకీ అడిగింది అడిగినట్టు ఇస్తలేమా? కారణం అడిగినమా ఎప్పుడన్న?"

కొత్త చీటీ తీసుకుని ఆ మాటే రాశాను. జిగురు పూసి లోపల అంటించి, అట్ట పెట్టి, నాలుగు మరలూ బిగించాను. ప్లగ్గు పెట్టగానే బావ గుబ్బ తిప్పాడు, చప్పుడు మొదలైంది. నేను సామాన్లు సర్దుకుంటుంటే కరెంటు పోయింది. ఆ సన్నని చప్పుడు మెల్లగా సన్నగిల్లి ఆగిపోయింది. నేను పచ్చ దీపం వైపు చూసేలోపే బావ గుబ్బ ఎడమకు తిప్పి టక్‌మని కట్టేశాడు.

"పోయింది," అన్నాడు నాతో. "నువ్వు ఇంటికి పో ఇంక. మూడు రోజుల నుంచి ఈడనే ఉన్నవు. వచ్చినంక నేను పెట్టుకుంట."